మూడోసారి ముందు రాశాను

గుంటూరులో చెస్ రేటింగ్ టోర్నమెంట్, నాలుగో రౌండు. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం. ఎదురుగా ఎనిమిదో తరగతి కుర్రాడు, అతనివి తెల్లవి. మూడు గంటలు దాటేసరికి చెరో రాజు, చెరో రూక్ (ఏనుగు), అతనికి ఈ5 గడిలో ఒక బంటు మిగిలాయి.

"డ్రా చేసుకుందామా?" అన్నాను.

"లేదంకుల్, ఆడతాను."

తప్పేం లేదు. బంటు ఎక్కువున్నవాడు ఆడాల్సిందే.

నా ధైర్యమంతా ఫిలిడార్. 18వ శతాబ్దపు ఆ ఫ్రెంచి సంగీతకారుడి పద్ధతిలో నా రాజు బంటు దారిలో ఈ8లో నిలబడాలి, రూక్ ఆరో వరుస కాయాలి. అవతలి రాజు ఆ వరుసలోకి రాలేడు. బంటు కదిలేదాకా మనం ఏమీ చెయ్యకూడదు. ఊరికే కాపలా కాయడం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుసు! రూక్‌ని బి6, జి6 మధ్య తిప్పుతూ కూర్చున్నాను.

అదే పొజిషన్ మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు. అలా వస్తోందని చూసి, రూక్ జరిపేసి చెయ్యెత్తాను. అర్బిటర్, అంటే ఆట న్యాయనిర్ణేత, వచ్చారు. "పావు కదిపేశారు కదండీ. ముందు ఎత్తుల షీటు మీద రాసి, కదపకుండా నన్ను పిలవాలి. ఈ ఎత్తుకు క్లెయిమ్ చెల్లదు." ఒళ్లంతా చెమట పట్టింది. ఆ నిబంధన నేను చదివిందే.

కుర్రాడు ఈ6 తోశాడు. వెంటనే ఆరో వరుస వదిలేసి రూక్‌ని బి1కి పంపాను. అతని రాజు డి6కి వచ్చాడు, ఆపకపోతే తర్వాతి ఎత్తులో నాకు మేట్. డి1లో చెక్ ఇచ్చాను. ఈ5కి వెళ్తే ఈ1లో చెక్. బంటు ముందుకెళ్లిపోయింది, వెనకనుంచి వచ్చే చెక్‌ల నుంచి అతని రాజుకు ఇక నీడ లేదు. డి6, ఈ5, మళ్లీ డి6.

మూడోసారి డి1 చెక్ ఇవ్వాల్సినప్పుడు ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని, కుడి చేత్తో ఎత్తు రాశాను. గడియారం ఆపి పిలిచాను. అర్బిటర్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి ఒక్కో ఎత్తు మీదా పెన్ను ఆనిస్తూ సరిచూశారు. 30 సెకన్లు కలిసే ఆటలో టైమ్ అయిపోతున్నా రాయడం మానకూడదు. ఆ రాతే నాకు సాక్ష్యమైంది.

"డ్రా."

సంతకాలు పెట్టాం. బయట మెట్ల మీద కుర్రాడు తన బోర్డు పరిచాడు. "ఈ6 తొయ్యకపోతే ఏమయ్యేది అంకుల్?" అంటూ అవే పావులు పేర్చి, తెల్లవి నావైపు తిప్పాడు.