వాచీకి నా జాతకం ఎందుకట?

పాత వాచీ యాప్ మొదటి రోజే లొకేషన్, కాంటాక్టులు, పుట్టినరోజు అన్నీ అడిగింది. టైమ్ చెప్పడానికా, పెళ్లి చూపులకా! ఈసారి పైన్‌టైమ్ అనే స్మార్ట్‌వాచీ తీసుకున్నాను. అందులో నడిచే సాఫ్ట్‌వేర్ ఇన్ఫినీటైమ్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో వాచీని కలిపే యాప్ గ్యాడ్జెట్‌బ్రిడ్జ్, అదీ ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి. అకౌంట్ లేదు, ఓటీపీ లేదు. అడుగుల లెక్క, గుండె వేగం ఫోన్‌లోనే ఉంటాయి.

అప్‌డేట్ మాత్రం మన చేతి పనే. కొత్త ఫర్మ్‌వేర్ (వాచీ లోపలి సాఫ్ట్‌వేర్) జిప్ ఫైల్‌ని బ్లూటూత్‌లో పంపాక, వాచీ సెట్టింగ్స్‌లో దాన్ని వాలిడేట్ చేయాలి, అంటే ఖాయం చేయాలి. మర్చిపోతే రీస్టార్ట్ కాగానే పాత వెర్షనే వచ్చి కూర్చుంటుంది. నాకైతే ఆ తతంగం కూడా సరదాగానే ఉంది.

జీపీఎస్ లేదు. రన్నింగ్ చేసేవాళ్లు జీపీఎస్ ఉన్న బ్యాంగిల్.జేఎస్ 2 వాచీ చూడండి. వేరే కంపెనీది కొనేటట్టయితే, ముందు గ్యాడ్జెట్‌బ్రిడ్జ్ జాబితాలో ఆ మోడల్ వెతకండి. కొన్నిటికి, గ్యాడ్జెట్‌బ్రిడ్జ్‌తో జత చేయడానికి కావాల్సిన కీ కోసం ఒక్కసారైనా కంపెనీ యాప్‌లో లాగిన్ తప్పదు.