న్యూయార్క్‌లో దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్: బొమ్మ ఒకటే, కార్డులు రెండు

న్యూయార్క్ నగరంలో దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్లు రెండు రకాలు. ఆ సంగతి తెలియక మొదటి టికెట్ కట్టేవాళ్ళే ఎక్కువ. మా అత్తగారి కోసం రెండింటికీ కాగితాలు నింపింది నేనే కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో రాస్తున్నాను.

కారు లోపల అద్దానికి తగిలించే నీలం కార్డు న్యూయార్క్ రాష్ట్రానిది. మాల్, ఆసుపత్రి, కాలేజీల్లాంటి చోట్ల ఆవరణలో చక్రాల కుర్చీ బొమ్మ వేసిన గడుల కోసం అది. సిటీ వీధుల్లో అది చూపిస్తే ఏ మినహాయింపూ రాదు. ఎడిసన్ నుంచి న్యూజెర్సీ కార్డు పెట్టుకుని మన్‌హటన్ వచ్చే మనవాళ్ళదీ అదే పరిస్థితి. వీధిలో పనిచేసేది సిటీ రవాణా శాఖ ఇచ్చే పర్మిట్ ఒక్కటే. అందులో కార్ల నంబర్లు అచ్చువేసి ఉంటాయి, దాన్ని డాష్‌బోర్డు మీద పెట్టాలి. సిటీలో ఉండేవాళ్ళకు ఇస్తారు. బయట ఉండేవాళ్ళకైతే సిటీలో ఫుల్‌టైమ్ ఉద్యోగమో చదువో ఉండాలి.

సిటీలో ఉంటే రెండింటికీ దరఖాస్తు వెళ్ళేది ఒకే ఆఫీసుకు: క్వీన్స్, లాంగ్ ఐలండ్ సిటీలో 30-30 థామ్సన్ అవెన్యూ. ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. రెండూ ఒకేసారి అడగండి, విడివిడిగా తిరగడం దండగ.

రాష్ట్ర కార్డు ఫారం పేరు ఎంవీ-664.1. అందులో ఒక భాగం డాక్టరు నింపాలి. ఆగకుండా 200 అడుగులు నడవలేకపోవడం, ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉండటం, మూడు లేదా నాలుగో తరగతి గుండె జబ్బు, ఇలా అర్హతలు అక్కడే రాసి ఉంటాయి. తాత్కాలిక ఇబ్బందికీ రాష్ట్ర కార్డు దొరుకుతుంది, అది ఎరుపు రంగులో ఉంటుంది. మోకాలి ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్ళు దీనితోనే సరిపెట్టుకోవాలి, ఎందుకంటే సిటీ పర్మిట్‌కు వైకల్యం శాశ్వతమై ఉండాలి.

సిటీ పర్మిట్‌లో అసలు పరీక్ష రెండంచెలు. ముందు మీ సొంత డాక్టరు ధ్రువీకరించాలి, తర్వాత నగర ఆరోగ్య శాఖ నియమించిన డాక్టరు ఒప్పుకోవాలి. ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. డాక్టర్లకు జబ్బు పేరు రాయడం అలవాటు. ‘మోకాళ్ళ అరుగుదల, షుగర్’ అని రాసి సంతకం పెడతారు. అవతలివాళ్ళకు కావలసింది జబ్బు పేరు కాదు, నడక. ఎంత దూరం నడిస్తే కూర్చోవాలి, కర్ర కావాలా వాకర్ కావాలా, సబ్‌వే మెట్లు ఎందుకు ఎక్కలేరు, బస్‌స్టాపు దాకా ఎందుకు వెళ్ళలేరు అన్నది రాయించాలి. సొంత కారు లేనిదే కదలలేరని రుజువైతేనే సిటీ పర్మిట్. ‘శాశ్వతం’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ‘కొన్ని నెలల్లో మళ్ళీ చూద్దాం’ అని ఉంటే దరఖాస్తు చెడినట్టే. అప్పాయింట్‌మెంట్‌కు వెళ్ళేటప్పుడు రెండు పర్మిట్ల పేర్లు, నడక గురించి నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి డాక్టరు చేతిలో పెట్టడం మొహమాటపడాల్సిన పని కాదు.

ఆరోగ్య శాఖ డాక్టరు దగ్గరికి పిలుపు వస్తే ఇటీవలి ఎమ్మారై, ఎక్స్‌రే రిపోర్టులు, మందుల జాబితా పట్టుకెళ్ళండి. రోజూ వాడే వాకరు ఆ రోజు కారులో వదిలేయొద్దు. మన పెద్దవాళ్ళతో ఒక చిక్కు: డాక్టరు అడిగితే ‘బాగానే ఉన్నానండీ’ అంటారు. మర్యాదకు అన్నది ఫైలుకెక్కుతుంది. ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్ళాలి. మరో చిక్కు పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, క్లినిక్‌లో పొడి అక్షరంగా ఉంటే ముందే ఒకేలా చేయించుకోండి. ఐడీ మీద చిరునామా కూడా సిటీదే, ఇప్పటిదే అయి ఉండాలి. దరఖాస్తుదారు డ్రైవ్ చేయక్కర్లేదు, లైసెన్సు లేకపోతే నాన్-డ్రైవర్ ఐడీ చాలు. తీసుకెళ్ళే కొడుకు కారు, అల్లుడి కారు నంబర్లు ఫారంలో ఇవ్వండి. జాబితాలో లేని కారులో పర్మిట్ పెడితే టికెట్టే. యాక్సెస్-ఎ-రైడ్ (బస్సు, సబ్‌వే ఎక్కలేని దివ్యాంగులను ఇంటి దగ్గర ఎక్కించుకెళ్ళే రవాణా సేవ) ఉన్నంత మాత్రాన సిటీ పర్మిట్ రాదు, రెండూ వేరు.

చేతికొచ్చాక చదవాల్సింది బోర్డులు. మూడు మాటలున్నాయి: ‘నో పార్కింగ్’, ‘నో స్టాండింగ్’, ‘నో స్టాపింగ్’. మొదటిదాంట్లోనే పర్మిట్‌కు బలం. డాక్టర్లకో దౌత్యవేత్తలకో కేటాయించిన ‘నో పార్కింగ్’ చోటైనా నిలపొచ్చు. మీటర్ ఉన్నచోట డబ్బు కట్టక్కర్లేదు, గంటల పరిమితీ లేదు. మిగతా రెండు బోర్డుల దగ్గర అది మామూలు కాగితం. అదే మీటర్ చోటుకు సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు ‘నో స్టాండింగ్’ అని పైన ఇంకో బోర్డు ఉంటే మూడు యాభైకల్లా కారు తీసేయాల్సిందే.  బస్‌స్టాపు, జీబ్రా గీతలు, డ్రైవ్‌వే, డబుల్ పార్కింగ్ ఏవీ కుదరవు. ఫైర్ హైడ్రంట్‌కు రెండు పక్కలా 15 అడుగులు వదలాలి. దాని జరిమానా 115 డాలర్లు. ప్రైవేటు గ్యారేజీలు పర్మిట్ చూసి డబ్బు మానవు.

పర్మిట్ ఒరిజినలే పెట్టాలి, జిరాక్స్ పెట్టకూడదు. పర్మిట్ ఎవరి పేరున ఉందో వాళ్ళు ఆ ప్రయాణంలో ఉండాలి. అత్తగారిని ఇంట్లో దించి కూరగాయలకు వెళ్ళేటప్పుడు అది డాష్‌బోర్డు మీద ఉండకూడదు. నీలం కార్డు మాత్రం బండి కదిలేముందు అద్దం నుంచి తీసేయాలి.