మిగిలిన సోర్‌డో స్టార్టర్‌తో కరకరలాడే వాఫుల్స్

సోర్‌డో బ్రెడ్ చేసే ఇంట్లో మైదా ఎంత త్వరగా ఖర్చవుతుందో చేసేవాళ్లకే తెలుస్తుంది. ఈ పుల్లటి బ్రెడ్‌ని పొంగించేది స్టార్టర్. అంటే పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి, ఎప్పటికప్పుడు బతికించుకుంటూ వచ్చే ముద్ద. దానికి మళ్లీ మళ్లీ కొత్త పిండి, కొత్త నీళ్లు వేస్తూ ఉండాలి. నేను 50 గ్రాముల స్టార్టర్‌కి 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు వేస్తాను. అంటే ఒక్కసారికే మూడింతలవుతుంది. ఏమీ తీయకుండా అదే లెక్కన వేసుకుంటూ పోతే రెండోసారికి 450 గ్రాములు, మూడోసారికి 1350 గ్రాములు. అందుకే ప్రతిసారీ కొంచెం ఉంచుకుని మిగతాది తీసేయమంటారు. ఆ తీసేసిన దానికి డిస్కార్డ్ అని పేరు. కంచంలో మెతుకు మిగిలినా ఊరుకోని ఇంట్లో పెరిగాను. అంత పిండిని చెత్తబుట్టలో వెయ్యాలంటే నాకు చేతులు రాలేదు.

మేం ఉండేది కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల సోర్‌డో బ్రెడ్ అంటే అందరికీ సొంత ఆస్తి అన్నంత ప్రేమ. 1849లో బంగారం కోసం జనం ఇక్కడికి వచ్చిపడ్డ రోజుల్లో మొదలైన బౌడిన్ బేకరీ ఇప్పటికీ నడుస్తోంది. 1970 ప్రాంతంలో ఈ బ్రెడ్‌కి ఆ పులుపు ఎక్కడి నుంచి వస్తోందని ఆల్బనీలోని అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో శాస్త్రవేత్తలు పరిశోధించారు. అందులో దొరికిన బ్యాక్టీరియాకి శాన్ ఫ్రాన్సిస్కో పేరే పెట్టారు. తర్వాత అదే బ్యాక్టీరియా వేరే దేశాల స్టార్టర్లలోనూ కనిపించింది. అది పిండిలోని మాల్టోజ్ అనే చక్కెరను ఇష్టంగా తింటుంది. దాంతో పాటు ఉండే ఈస్ట్ మాల్టోజ్ జోలికి పోదు. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాదు కాబట్టే రెండూ ఒకే సీసాలో ఏళ్ల తరబడి కలిసి బతకగలుగుతున్నాయి. నా స్టార్టర్ మా పక్కింటావిడ ఇచ్చింది. రెండు చెంచాలు మాత్రమే ఇచ్చి, ఇక దీన్ని నువ్వే పెంచుకో అంది.

డిస్కార్డ్‌తో పాన్‌కేకులు చేశాను, క్రాకర్లు చేశాను, అరటిపండు బ్రెడ్‌లో కలిపాను. మా ఇంట్లో నిలిచిపోయింది మాత్రం వాఫుల్సే, అంటే జారుడు పిండిని గళ్ల అచ్చున్న మెషీన్‌లో పోసి కాల్చే అట్లు. దానికి కారణం ఉంది. ఫ్రిజ్‌లో వారం పైగా కూర్చున్న డిస్కార్డ్‌లో ఈస్ట్ తినాల్సిందంతా తినేసి నీరసించి ఉంటుంది. పులుపు మాత్రం బాగా పెరుగుతుంది. ఆ పులుపులో నానిన కొద్దీ గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్, తెగిపోతూ వస్తుంది. అలాంటి పిండితో బ్రెడ్ చేస్తే నిలబడదు, పక్కలకి పారిపోతుంది. వాఫుల్ సంగతి వేరు. అది పైన కరకరలాడాలి, లోపల నోట్లో పెట్టుకోగానే విడిపోవాలి. సాగడమే దానికి పనికిరాదు. కాబట్టి బ్రెడ్‌కి అక్కరకు రాని పాత డిస్కార్డ్ ఇక్కడ తాజా స్టార్టర్ కంటే బాగా పనిచేస్తుంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: వాఫుల్స్‌లో డిస్కార్డ్‌ని పొంగు కోసం చూడకండి, పులుపు కోసం వాడండి. పొంగు సంగతి పొద్దున గుడ్డు, వంటసోడా చూసుకుంటాయి.

తీసేసిందంతా ఒక పెద్ద గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెడతాను. మూత బిగించను, లోపల ఇంకా గాలి పుడుతూనే ఉంటుంది. రెండు మూడు వారాల వరకు దాన్ని నిశ్చింతగా వాడతాను. పైన బూడిద రంగు నీరు తేలితే కంగారు పడక్కర్లేదు. ఆకలి మీదున్న స్టార్టర్ నుంచి వచ్చే ఆల్కహాల్ కలిసిన నీరే అది. కలిపేయొచ్చు, పులుపు మరీ ఎక్కువనిపిస్తే ఒంపేయొచ్చు. గులాబీ రంగో, నారింజ రంగో చారలు కనిపించినా, బూజు పట్టినా మాత్రం మొత్తం పారేయాలి. పైపైన తీసి కింది భాగం వాడుకోవడం వద్దు. ఇంకో మాట. స్టార్టర్‌ని మొదటి నుంచి మీరే తయారు చేస్తుంటే తొలి వారం పది రోజుల్లో తీసేసింది ఏ వంటలోనూ వెయ్యకండి. అప్పటికి దానిలో మంచి బ్యాక్టీరియా ఇంకా స్థిరపడి ఉండదు, వాసన కూడా బాగుండదు.

శనివారం పొద్దున వాఫుల్స్ తినాలంటే శుక్రవారం రాత్రి గిన్నెలు కడిగే ముందే పిండి కలిపేస్తాను. 200 గ్రాముల డిస్కార్డ్, 200 గ్రాముల మైదా, రెండు టేబుల్ స్పూన్ల పంచదార, 360 మిల్లీలీటర్ల చిక్కటి మజ్జిగ. ఇక్కడి కొట్లలో బటర్‌మిల్క్ డబ్బా దొరుకుతుంది, అది బాగా చిక్కగా ఉంటుంది. నేను దాని జోలికి వెళ్లను. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు 240 గ్రాములు తీసుకుని 120 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చిలుకుతాను. పెరుగు ఎంత పుల్లగా ఉంటే అంత మంచిది. వేసవిలో ఎవరూ ముట్టని పెరుగు గిన్నె ఈ పనికి భలే పనికొస్తుంది. అన్నీ కలిపాక ఊతప్పం పిండి జారుడులో ఉండాలి. చిన్న చిన్న ఉండలు మిగిలితే వదిలేయండి, తెల్లారేసరికి అవే కరిగిపోతాయి.

తొందరుంటే రాత్రంతా ఆగకుండా వెంటనే పోసుకోవచ్చు. బాగానే ఉంటాయి, కానీ కొత్త మైదా వాసన కాస్త తెలుస్తుంది. రాత్రంతా ఉంచితే ఆ కొత్త మైదా కూడా పులిసి, నాని, రుచి పిండంతటా ఒకేలా పట్టుకుంటుంది. ఇది ఈనాటి పద్ధతేమీ కాదు. బేకింగ్ పౌడర్ వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. అంతకు ముందు వాఫుల్ పొంగాలంటే ఈస్ట్ వేసి గంటల తరబడి ఉంచాలి, లేదంటే గుడ్లు చేతులు నొప్పి పుట్టేలా గిలకొట్టాలి. రెండూ కలిపి చేసినవాళ్లూ ఉన్నారు. నేను చేసేదీ ఇంచుమించు అదే.

మా వంటింట్లో రాత్రిళ్లు 20 డిగ్రీలు దాటదు కాబట్టి గిన్నె మీద పళ్లెం మూసి గట్టు మీదే వదిలేస్తాను. హైదరాబాదులోనో విజయవాడలోనో ఎండాకాలంలో చేసేవాళ్లు గంటో గంటన్నరో బయట ఉంచి ఫ్రిజ్‌లోకి మార్చడం మేలు. గుడ్లు మాత్రం రాత్రి కలపకూడదు. గుడ్డు వేసిన పిండిని అన్ని గంటలు బయట ఉంచడం ప్రమాదం.

పొద్దున చూస్తే పిండి మీద చిన్న బుడగలు ఉంటాయి. పుల్లటి వాసన వస్తుంది. డిస్కార్డ్ మరీ పాతదైతే బుడగలు తక్కువ రావచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. రెండు గుడ్ల పచ్చసొనలు, ముప్పావు టీస్పూన్ ఉప్పు, 50 గ్రాముల కరిగిన నెయ్యి కలుపుతాను. రెసిపీలన్నీ వెన్న అంటాయి. వెన్నలో దాదాపు ఆరో వంతు నీరే ఉంటుంది. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి వాఫుల్ ఇంకాస్త కరకరలాడుతుంది. రుచి గురించి మనవాళ్లకి వేరే చెప్పాలా! పిండి ఫ్రిజ్‌లోంచి తీసినదైతే ఓ అరగంట బయట పెట్టండి, లేకపోతే నెయ్యి పేరుకుపోయి ముక్కలు ముక్కలుగా తేలుతుంది. తెల్లసొనలు విడిగా గిలకొట్టి, నురగ మెత్తగా నిలబడగానే గరిటెతో పైపైన కలుపుతాను.

వంటసోడా అన్నిటికంటే చివర. వాఫుల్ మెషీన్ పూర్తిగా వేడెక్కాకే సోడా డబ్బా మూత తీస్తాను. ఒక టీస్పూన్ సోడాని చెంచాడు నీళ్లలో కరిగించి పిండిలో పోస్తే ఆ పులుపుకి కార్బన్ డయాక్సైడ్ పుట్టి గిన్నెంతా ఉబ్బుకొస్తుంది. పిల్లలు ఇది చూడ్డానికే నిద్ర లేచి వస్తారు. సోడా పొంగించడంతోనే ఆగదు, పులుపుని కొంత విరిచేస్తుంది, వాఫుల్‌కి మంచి ఎర్రటి రంగు రావడానికి కూడా సాయపడుతుంది. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది కాబట్టి కొలిచి వెయ్యండి. ఒకసారి కలిపాక ఇక ఆలస్యం చేయకూడదు. ఆ గాలి పోకముందే పోసెయ్యాలి.

కరకరలాడడం అనేది నూటికి తొంభై పాళ్లు ఆవిరి సంగతి. పిండి పోసి మూత వెయ్యగానే పక్కల నుంచి దట్టంగా ఆవిరి వస్తుంది. మెషీన్ దీపం పచ్చగా మారినా తొందరపడను. ఆవిరి సన్నబడి దాదాపు ఆగిపోయేదాకా మూత తెరవను. మా మెషీన్‌లో దానికి ఐదు నిమిషాలు పడుతుంది. లోపలి తేమ బయటికి పోతేనే పై పొర గట్టిపడుతుంది. నాన్‌స్టిక్ పళ్లేలకు స్ప్రే డబ్బాలు వాడను, వాటివల్ల జిగురు పట్టి వదలదు. నెయ్యో నూనో బ్రష్‌తో రాస్తే చాలు. తీసిన వాఫుల్స్‌ని ఒకదాని మీద ఒకటి పెట్టారంటే పడిన కష్టమంతా పోతుంది, కింది దాని ఆవిరి పై దాన్ని నీరుగార్చేస్తుంది. ఓవెన్‌ని 200 డిగ్రీల ఫారన్‌హీట్‌లో, అంటే దాదాపు 95 సెల్సియస్‌లో పెట్టి, లోపల కమ్మీల మీద విడివిడిగా పేరుస్తాను. అందరూ ఒకేసారి కూర్చుని వేడివేడిగా తినడానికి ఇదొక్కటే దారి.

మా అత్తయ్యగారు గుడ్డు తినరు. ఆవిడ ఇక్కడ ఉన్న ఆర్నెల్లూ "అమ్మాయ్, మెషీన్‌కి గుడ్డు తగలకముందే నావి పోసి పెట్టెయ్, ఆ తర్వాత మీ ఇష్టం" అనేవారు. న్యాయమైన మాట. గుడ్లు కలపకముందే సగం పిండి వేరే గిన్నెలోకి తీసేదాన్ని. అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూన్ తీసుకుని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ సగానికి కలిపేదాన్ని. కరకర కోసం రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్. నెయ్యి, ఉప్పు, సోడా సగం సగం. లోపల కొంచెం మెత్తగా వస్తాయి, ఓ నిమిషం ఎక్కువ కాలాలి, అంతే తేడా. ఆవిడ బెల్లం పాకం పోసుకుని తినేవారు. పిల్లలు మేపుల్ సిరప్ వదలరు. ఒక గ్యాలన్ సిరప్ రావాలంటే దాదాపు 40 గ్యాలన్ల మేపుల్ చెట్టు రసం మరగబెట్టాలని తెలిశాక నేను వాళ్ల కంచాల్లో ఒక్క చుక్క కూడా మిగలనివ్వడం లేదు.

నాకు ఇష్టమైనది మాత్రం కారం వాఫుల్. పంచదార మానేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త జీలకర్ర వేసి పోసుకుంటే డిస్కార్డ్ పులుపుకి చక్కగా కుదురుతుంది. పక్కన అల్లం పచ్చడి ఉంటే ఇంకేం అక్కర్లేదు.

ఎప్పుడూ కాసిన్ని ఎక్కువే పోస్తాను. పూర్తిగా చల్లారాక పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు సంచిలో వేసి దాచాలి. చల్లారకముందే సంచిలో వేస్తే మంచు పట్టి అంటుకుపోతాయి. స్కూలు రోజుల్లో పొద్దున్నే తీసి, కరగనివ్వకుండా నేరుగా టోస్టర్‌లో పెడితే మళ్లీ కరకరలాడుతూ వస్తాయి. మైక్రోవేవ్‌లో పెట్టకండి, తోలులా సాగుతాయి.