స్టార్లు లెక్కపెట్టే ముందు కరెంటు బిల్లు తియ్యండి

చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డు మీద ఏ పెద్ద ఆఫీసు లాబీలోకి వెళ్లినా గ్రీన్ బిల్డింగ్ ఫలకం ఒకటి కనిపిస్తుంది. కొత్త కట్టడాలకు ఇచ్చే ఫలకాల్లో చాలావాటికి డిజైనే ఆధారం: ఏ గాజు వాడారు, గోడ ఎంత వేడి ఆపుతుంది, ఇలాంటివి. జనం చేరాక ఆ భవనం ఎంత కరెంటు తాగుతోందో ఆ ఫలకం చెప్పదు. అందుకే ఆఫీసు భవనాలకు కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2009లో తెచ్చిన స్టార్ రేటింగ్ మీదే మాకు గురి ఎక్కువ. అది ఏడాది వాడకం చూసి ఇచ్చేది.

ఏడాదిలో వాడిన యూనిట్లను చదరపు మీటర్లలో బిల్టప్ ఏరియాతో (కట్టిన మొత్తం వైశాల్యంతో) భాగిస్తే ఈపీఐ వస్తుంది, స్టార్లకు అదే కొలమానం. చెన్నైది వేడి, తేమ కలిసిన వాతావరణం. ఇక్కడ సగానికి పైగా ఏసీ ఉన్న ఆఫీసుకు ఆ పథకం పట్టికలో 200 నుంచి 175 దాకా ఒక స్టారు. అక్కణ్ణుంచి 25 తగ్గినప్పుడల్లా ఒకటి చొప్పున పెరుగుతుంది. 100 లోపు వస్తే అయిదు.

పొరపాటంతా ఏరియా దగ్గరే జరుగుతుంది. 5,000 చదరపు మీటర్ల ఆఫీసు, ఏడాదికి 6 లక్షల యూనిట్లు అనుకోండి. ఈపీఐ 120, అంటే నాలుగు స్టార్లు. ఎవరో 2,000 చదరపు మీటర్ల బేస్‌మెంట్ పార్కింగ్ కూడా కలిపేస్తే 86కి పడిపోయి అయిదు స్టార్లు వచ్చేస్తాయి. పార్కింగ్, లాన్, రోడ్లు కలపకూడదు. జనరేటర్ యూనిట్లు మాత్రం కలపాల్సిందే. అద్దెదారుల మీటర్లు వేరుగా ఉంటే అన్నిటికీ అవే పన్నెండు నెలల బిల్లులు తియ్యాలి. ఆర్నెల్లు ఖాళీగా ఉన్న అంతస్తు ఈపీఐని ఉత్తపుణ్యానికి తగ్గిస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు.

ఇక నిజంగా తగ్గించడం. ఏసీ సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బీఈఈ చెబుతుంది. 22 నుంచి 24కి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

రెండు మూడంతస్తుల భవనమైతే మేడ మీద ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ రూఫ్ పూత బాగా పనిచేస్తుంది. పదంతస్తులకు దాని వాటా చిన్నదే. చెన్నై మేడల మీద పెంకు పలకల కింద సున్నం, ఇటుక ముక్కల పొర (వెదరింగ్ కోర్సు) ఉంటుంది. వానాకాలంలో అది తడి పట్టేస్తుంది. డిసెంబరులో తొందరపడి పూత వేస్తే, ఎండ రాగానే ఆ తడి ఆవిరై పూతను బుడగల్లా లేపుతుంది. అర మీటరు ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగంచులా టేపు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున షీటు అడుగున చెమ్మ కనిపిస్తే ఇంకో వారం ఆగండి. వేశాక దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచెయ్యదు. వేసవికి ముందు ఒకసారి కడిగించాలి.

రాత్రిపూట బయటిగాలి లోపలికి తోలి భవనాన్ని చల్లబరచడం బెంగళూరులో మంచి ఉపాయం. ఇక్కడ అదే ఎదురుతిరుగుతుంది. రాత్రిగాలిలో తేమ ఎక్కువ, కార్పెట్లూ కాగితాలూ దాన్ని పీల్చుకుంటాయి, పొద్దున ఏసీ మొదట ఆ నీటిని పిండాలి. ఆఫీసు మూశాక ఏహెచ్‌యూ (చల్లగాలిని అంతస్తుకు తోలే యంత్రం) ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్, అంటే బయటిగాలి వచ్చే దారికి ఉండే రెక్క, నిజంగా మూసుకుందో లేదో కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద కాదు, రెక్క దగ్గరికి వెళ్లి చూడండి. రెక్కను మోటారుకు కలిపే లింకు రాడ్డు ఊడిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, స్క్రీన్ ‘మూసి ఉంది’ అనే చూపిస్తుంది.