అమ్మమ్మకు గైడు మనవరాలే: రెడ్ హుక్ రేవులో ఒక పూట

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకు లిబర్టీ విగ్రహం చూపించాలంటే న్యూజెర్సీ తెలుగువాళ్లు చాలామంది తనిఖీ క్యూల్లోకే తీసుకెళ్తారు. అక్కడ పిల్లలకు నోరు విప్పే పని ఉండదు, అన్నీ అమ్మానాన్నలే చూసుకుంటారు. బ్రూక్లిన్‌లో రెడ్ హుక్ ఒడ్డున అదే విగ్రహం దాదాపు ఎదురుముఖంగా, రెండున్నర కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. టికెట్ అక్కర్లేదు. సబ్‌వే అంతదాకా రాదు కాబట్టి జనమూ పలచనే. ఇక్కడైతే పిల్లనే గైడుగా పెట్టి, పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడించే ఆట ఆడించొచ్చు.

ఎడిసన్ వైపు నుంచైతే రైల్లో న్యూవార్క్, అక్కడ పాత్ (PATH) రైలు మారి వరల్డ్ ట్రేడ్ సెంటర్, ఆపైన పావుగంట నడిస్తే వాల్ స్ట్రీట్ పియర్ 11 అనే రేవు. రెడ్ హుక్‌కు ఫెర్రీ పడవ అక్కడే ఎక్కాలి. పెద్దవాళ్లుంటే ఆ నడక ఇరవై ఐదు నిమిషాలనుకోండి. ఫెర్రీ టికెట్ 4.50 డాలర్లు, 44 అంగుళాల లోపు పిల్లలకు ఉచితం. సబ్‌వేకి వాడే కార్డు ఇక్కడ చెల్లదు. చాలామంది గేటు దగ్గర తెల్లబోయేది ఇందుకే. మెషీన్ దగ్గర పిల్లనే నిలబెట్టి, తెర మీద ఏముందో తాతయ్యకు తెలుగులో చెప్పి కొనమనండి. తప్పులొస్తాయి, రానివ్వండి. తాతయ్య అడిగినదానికి మీరు జవాబిచ్చేస్తే మాత్రం ఆట అక్కడితో సరి.

బాత్రూం పడవలోనే కానిచ్చేయండి. దిగాక ఐకియా ఫర్నిచర్ షాపు దాకా వెళ్తే తప్ప ఖాయంగా దొరికేది లేదు. కొన్ని వీధుల్లో పాత రాతి పలకలే ఉన్నాయి. చిన్న చక్రాల స్ట్రోలర్ వాటి సందుల్లో ఇరుక్కుంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ కష్టమే. పేవ్‌మెంటున్న వీధి పట్టుకోండి, రెండు మలుపులు ఎక్కువైనా పరవాలేదు.

కాఫీ స్ట్రీట్ చివర వాలెంటినో పియర్, విగ్రహం కనిపించేది ఇక్కడి నుంచే. వీధి పేరు కాఫీయే, తాగేది కాదు. ఈ ఒక్క మాట మీద తాతా మనవరాళ్లకు పది నిమిషాల కబుర్లు గ్యారంటీ. విగ్రహం మీకు పడమర వైపు ఉంటుంది కాబట్టి ముఖం మీద వెలుతురు పడాలంటే పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రం ఫొటోలో నల్లటి నీడే వస్తుంది, సూర్యాస్తమయం మాత్రం బావుంటుంది. గాలి గట్టిగా కొడుతుంది, అమ్మమ్మకు శాలువా ఉండాల్సిందే.

దగ్గర్లోనే 1914 నాటి చెక్క పడవ ఒకటి మ్యూజియంగా మారింది: లీహై వ్యాలీ బార్జ్ 79. రైలు పట్టాలు న్యూజెర్సీ ఒడ్డునే ఆగిపోయేవి కాబట్టి సరుకును ఇలాంటి పడవల్లో నది దాటించేవారు. దీనికి ఇంజను లేదు, టగ్ అనే చిన్న ఇంజను పడవ లాగాలి. 'బార్జ్‌ని తెలుగులో ఏమంటారు?' అని పిల్లతో అడిగించండి. కోనసీమ తాతయ్య పంటు అంటాడు, కృష్ణా ఒడ్డు అమ్మమ్మ బల్లకట్టు అంటుంది. మోకు, లంగరు, ఆటుపోట్లు లాంటి మాటలు ఎడిసన్ ఇంట్లో ఎటూ రావు, ఇక్కడ కళ్లెదుటే ఉంటాయి.

మ్యూజియం మామూలుగా గురువారం సాయంత్రం, శనివారం మధ్యాహ్నం తెరుస్తారు. పియర్ పక్కన వాలంటీర్లు ఉచితంగా కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) ఎక్కించేది వేసవి ఆదివారాల్లో. వారాంతంలో ఒకే రోజు రెండూ కుదరవు, ఏదో ఒకటి ఎంచుకోండి. పెద్ద వాన పడిన మర్నాడు కయాక్ వద్దు: ఇక్కడ వాననీళ్లూ మురుగూ ఒకే గొట్టంలో పోతాయి, అది నిండితే పొంగి నేరుగా సముద్రపాయలోకి వచ్చేస్తుంది.

తిండికి నలుగురికి రెండు గ్లాసుల బియ్యంతో పులిహోర సరిపోతుంది. వేసవిలో దద్దోజనం మధ్యాహ్నానికే పులుస్తుంది. డబ్బా మూత తెరిచి వదిలేస్తే సీగల్ పక్షులు తన్నుకుపోతాయి. వేసవి వారాంతాల్లో ఆటస్థలాల దగ్గర లాటిన్ అమెరికా బండివాళ్లు పుపుసాలు చేస్తారు, మన రొట్టెలో కూరినట్టే ఉంటాయి. శాకాహారులు చీజ్‌తో ఉన్నవి అడగాలి, ఉడికించిన బీన్స్‌లో పందికొవ్వు కలిపే అలవాటుంది. అడిగే పని కూడా పిల్లదే. ఇక్కడ పేరున్న కీ లైమ్ పై అనే నిమ్మరసం తీపి వంటకంలో గుడ్డు పచ్చసొన ఉంటుంది, గుడ్డు తినని పెద్దలకు ముందే చెప్పండి.

తిరుగు ఫెర్రీ వేళ దిగగానే చూసి పెట్టుకోండి. తప్పిపోతే బి61 బస్సు డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌కు తీసుకెళ్తుంది, దానికి సబ్‌వే కార్డే పనికొస్తుంది.