ఐదున్నర బస్సు

ఈ రోజు మిర్యాలగూడలో షాపు నుంచి బయటపడేసరికే ఆలస్యమైంది. నల్లగొండ పోయే పల్లెవెలుగు అప్పటికే కిక్కిరిసి ఉంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ దారిలో కాలేజీ పిల్లలు, పనులకు పోయేవాళ్లు బాగా పెరిగారు. నాకు అది సంతోషమే. ఎట్లాగో మూడో వరుసలో సీటు దొరికింది.

వేములపల్లి దాటాక ఆ పిల్లను చూశాను. పద్దెనిమిదేళ్లుంటాయేమో. రాడ్డు పట్టుకొని నిలబడి, భుజానికున్న బ్యాగును వెనక్కి తిప్పుతోంది, మళ్లీ పక్కకు తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా లోపల టిఫిన్ డబ్బా టక్కున చప్పుడవుతోంది. వెనక ఒకడు, నలభై దాటినవాడే. పిల్ల జరిగిన కొద్దీ వాడూ జరుగుతున్నాడు. వాడి వెనక ఇద్దరు పట్టేంత జాగా ఉంది.

బ్యాగు అట్లా ఎందుకు తిప్పుతారో నాకు తెలుసు. డిగ్రీ రోజుల్లో నేను నోటుబుక్కులు అడ్డం పెట్టుకునేదాన్ని. అప్పుడు పక్క సీటులో ఒక పెద్దామె చూసి, కిటికీ వైపు తిరిగిపోయింది. వాడి మొహం మర్చిపోయాను గానీ ఆమె అట్లా తిరిగిపోవడం ఇప్పటికీ మర్చిపోలేదు.

గుండె దడదడలాడింది. వాడు తాగి ఉన్నాడో, తోడు ఎవరున్నారో తెలియదు. నేను అరిస్తే గొడవ పెద్దదై, బస్సంతా చూసేది ఆ పిల్లనే. అందుకే వాడి వైపు చూడనేలేదు. "ఏం బిడ్డా, గుర్తువట్టలేదా? మీ అమ్మ మంచిగున్నదా? ఇటు రా" అని చెయ్యి పట్టుకున్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఆ, మంచిగున్నదక్కా" అంది. అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది. నా సీట్లో కూర్చోబెట్టి నేను అడ్డంగా నిలబడ్డాను.

కండక్టరమ్మ వస్తే చెవిలో చెప్పాను. "అన్నా, ముందంత ఆడోళ్లే, నువ్వు వెనక్కి నడువు" అని వాడు కదిలేదాకా అక్కడే నిలబడింది. తిప్పర్తిలో దిగిపోయాడు.

వెనక సీటు అబ్బాయి ఒకడు వీడియో తీశాడట, గ్రూపుల్లో పెడతానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. "వద్దు తమ్ముడూ, ఆమెకే పంపు. ఏం చెయ్యాల్నో ఆమె చెప్తది" అన్నాను. విన్నాడు.

పోలీసులకు, 112కు ఫోన్ చేద్దామా అని పిల్లను అడిగాను. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్‌లు, మన జిల్లాలోనూ ఉన్నాయని, స్టేషన్‌కు పోకుండా ఫోన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చని, పేరు బయటకు రానివ్వరని చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల తెలిస్తే కాలేజీ బంద్ చేయిస్తరక్కా."

కడుపు మండింది. వాడు చేసిన పనికి ఈ పిల్ల చదువు పోవాలా? అయినా బలవంతం చేయలేదు. వీడియో దాచుకోమని, తేదీ, బస్సు నంబరు రాసిపెట్టుకోమని చెప్పాను. మనసు మారితే సాక్ష్యానికి వస్తానని నా నంబరు ఇచ్చాను.

నల్లగొండ బస్టాండ్‌లో ఆటో ఎక్కించి, ఇల్లు చేరగానే మిస్డ్ కాల్ ఇయ్యమన్నాను. ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. నేను ఎత్తేదాకా మోగింది.

"అక్కా, రేపు గూడ ఐదున్నర బస్సుకే వస్తవా?"

రేపు నాకు మూడింటికే పని అయిపోతుంది. వస్తానని చెప్పాను.