వెయ్యి ముక్కల పజిల్, పదిసార్లు చూసిన సినిమా

ముక్కలు కలిపి బొమ్మ కట్టే జిగ్సా పజిల్ ముందేసుకుని టీవీలో సినిమా పెడితే అదీ చెడుతుంది, ఇదీ చెడుతుంది అనేవాళ్ళున్నారు. సినిమా ఎంపిక కుదరకపోతే వాళ్ళన్నదే నిజం. రెండిటికీ కళ్ళే కావాలి మరి. అయితే పజిల్ మొదట్నుంచి చివరిదాకా కళ్ళని ఒకే తీరున అడగదు. ముక్కలు ఏరేటప్పుడు ఒక లెక్క, అంచు కట్టేటప్పుడు ఒక లెక్క, నీలాకాశం దగ్గరికొచ్చాక పూర్తిగా వేరే లెక్క. ఏ దశలో ఏ సినిమా పెట్టాలో తెలిస్తే రెండూ హాయిగా నడుస్తాయి.

ముందు బల్ల సంగతి. వెయ్యి ముక్కల పజిల్ పూర్తయ్యాక సాధారణంగా 70 × 50 సెంటీమీటర్లు వస్తుంది. బల్ల కూడా అంతే ఉంటే సరిపోదు. విడి ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరిస్తే పూర్తయిన బొమ్మకి రెట్టింపు చోటు తింటాయి. చోటు తక్కువైతే ఆరేడు ట్రేలు గానీ అట్టపెట్టెల మూతలు గానీ దగ్గర పెట్టుకోండి, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. పజిల్‌ని నేరుగా బల్ల మీద కట్టకుండా 80 × 60 సెంటీమీటర్ల పల్చటి ప్లైవుడ్ ముక్క మీద కడితే, బల్ల కావాల్సి వచ్చినప్పుడు అలాగే ఎత్తి మంచం కిందకి తోసేయొచ్చు. చుట్టి దాచుకునే ఫెల్ట్ మ్యాట్‌లు కూడా దొరుకుతాయి గానీ నాకు వాటి మీద గురి లేదు. ముక్కలు బిగుతుగా పట్టే పజిలైతే సరే, కాస్త వదులైతే విప్పేసరికి సగం కుట్లు ఊడినట్టు ఉంటుంది.

దీపం దగ్గర చాలామంది పొరపడతారు. గది మధ్యలో పైనున్న లైటు మీ తల నీడనే పజిల్ మీద పడేస్తుంది, పైగా టీవీ తెర మీద మెరుస్తుంది. మెడ వంచగలిగే టేబుల్ ల్యాంప్ ఒకటి పక్కగా, టీవీకి వీపు తిప్పి, వెలుగు బల్ల మీదే పడేట్టు పెట్టండి. పసుపు బల్బు వద్దు. దాని కింద లేత నీలం, లేత ఆకుపచ్చ ఒకేలా కనబడతాయి. 4000 నుంచి 5000 కెల్విన్ అని రాసున్న తెల్ల బల్బు సరిపోతుంది.

డబ్బా తెరవగానే ముక్కల్ని కుమ్మరించకండి. కోతలో రాలిన అట్ట పొడి అడుగున ఉంటుంది. అది తుమ్ములు తెప్పిస్తుంది, ముక్కల సందుల్లో చేరి సరైన జతని కూడా పూర్తిగా దిగనివ్వదు. పెద్ద కన్నాల జల్లెడలో గుప్పెడు గుప్పెడుగా వేసి ఆడిస్తే రాలిపోతుంది.

ఇక ఏరడం. అన్నిటినీ బొమ్మ పైకి ఉండేలా తిప్పడం, అంచు ముక్కల్ని పక్కకి తీయడం, మిగిలినవాటిని రంగుల వారీగా ట్రేల్లో వేయడం. గంట నుంచి గంటన్నర పట్టే పని, బుర్రతో పెద్దగా అవసరం లేదు. ఇక్కడ కళ్ళు తెర మీదకి ధారాళంగా వెళ్ళొచ్చు, కాబట్టి మీరు చూడని కొత్త సినిమా అయినా ఫర్వాలేదు. ఒక్కటే మినహాయింపు, భాష రాని సినిమా. సబ్‌టైటిల్ చదువుతూ ముక్క తిప్పితే రెండు సార్లకొకసారి సబ్‌టైటిల్ తప్పిపోతుంది.

అంచు కట్టేటప్పుడు మాత్రం టీవీ ఆపేయండి, లేదా పాటలు పెట్టుకోండి. పజిల్ మొత్తంలో తప్పు జరిగినా తెలియని చోటు ఇదే. అంచు ముక్కకి ఒక పక్క తిన్నగా ఉంటుంది కాబట్టి పట్టు తక్కువ, పోలికలు ఎక్కువ. తప్పు ముక్క కూడా ఇట్టే దిగిపోయి, తనే అసలైనదన్నట్టు కూర్చుంటుంది. పట్టుకోవడానికి లెక్క ఉంది. వెయ్యి ముక్కల పజిల్‌ని మామూలుగా 40 × 25 గడులుగా కోస్తారు, లేదా 38 × 27గా. రెండోదైతే నిజానికి 1026 ముక్కలన్నమాట. వింతేమిటంటే రెండిట్లోనూ అంచు ముక్కలు సరిగ్గా 126, మూలలు నాలుగూ కలుపుకుని. పై వరసా కింది వరసా సంఖ్యలో సమానంగా ఉండాలి, కుడీ ఎడమా అలాగే. పైన 39, కింద 40 వచ్చాయంటే ఎక్కడో ఒక ముక్క దొరకలేదు. పైన 39, కింద 41 అయితే ముక్కలన్నీ ఉన్నాయి, వరసలే మారాయి. అనుమానం ఉన్న రెండు ముక్కల్ని జతగా ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకోండి. అతుకు వెంట సన్నటి వెలుగు గీత కనిపిస్తే అది తప్పుడు జతే. నిజమైన జత మధ్య వెలుగు దాదాపుగా రాదు.

ఏరినప్పుడు 126 బదులు 120 దొరికితే కంగారు పడొద్దు, మిగతావి ట్రేల్లో నక్కి ఉంటాయి. ఖాళీలు వదిలేసి ముందుకి పోవచ్చు.

మధ్య భాగంలో ముందుగా అక్షరాలు, కిటికీలు, మొహాలు, గట్టి గీతలు ఉన్నచోట పట్టుకోండి. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ దేశపటాల్ని చెక్కకి అంటించి కోసి అమ్మినప్పుడు కోత సరిహద్దుల వెంబడే సాగింది. ఒక దేశం ఒక ముక్క, ఒక రంగు. ఇప్పటి అట్ట పజిల్‌ని పదునైన అచ్చుతో నొక్కి కోస్తారు, ఆ అచ్చుకి బొమ్మతో పనిలేదు. దీనివల్ల మనకో మేలుంది: ముక్క పక్కన పొడుచుకొచ్చే బొడిపె చివర పొరుగు రంగు ఒక చుక్క మిగిలిపోతుంది. ఎర్ర కప్పు ముక్కకి బొడిపె కొసన గోరంత తెలుపు ఉందంటే ఆ పక్కన గోడ ఉన్నట్టే. ముక్క మధ్యని కాదు, కొసల్ని చూడటం అలవాటు చేసుకోండి.

ఈ దశకి తగినది ఒకటి రెండుసార్లు చూసిన సినిమా. కథ తెలుసు గనక వంచిన తల ఎత్తకపోయినా నష్టం లేదు, ఇష్టమైన సన్నివేశం వస్తోందని సంగీతమే చెబుతుంది. అప్పుడు తలెత్తండి. అరచేతి దూరంలో గంటలు గంటలు చూసిన కళ్ళకి రెండు మూడు మీటర్ల అవతల ఉన్న తెర విశ్రాంతే, మెడకి కూడా. మాటలు సన్నగా, ఫైట్లు చెవులు పగిలేలా వినిపిస్తుంటే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో నైట్ మోడ్ గానీ డైలాగ్ పెంచే మోడ్ గానీ ఉంటుంది, వేసుకోండి. లేకపోతే పజిల్ వదిలేసి రిమోట్ కోసం వెతుక్కోవడమే పని.

చివరికి మిగిలేది ఆకాశం. రెండు మూడొందల ముక్కలు, అన్నీ ఒకే నీలం. సరదా పోయేదీ, పజిల్ డబ్బాలోకి తిరిగెళ్ళిపోయేదీ ఇక్కడే. రంగుని నమ్ముకోవడం మానేసి ఆకారాన్ని నమ్ముకోవాలి. గడుల కోత పజిల్‌లో లోపలి ముక్కలు ఆరే రకాలు: నాలుగు బొడిపెలవి, మూడు బొడిపెలు ఒక గుంటవి, రెండు బొడిపెలు ఎదురెదురుగా ఉన్నవి, రెండు బొడిపెలు పక్కపక్కన ఉన్నవి, ఒక బొడిపె మూడు గుంటలవి, అన్నీ గుంటలే ఉన్నవి. ఆరు వరసలుగా పేర్చండి. ఇప్పుడొక ఖాళీ దగ్గరికి వెళ్ళి చుట్టూ చూస్తే ఏ వరసలో వెతకాలో తెలిసిపోతుంది. ఆ వరసలో నలభై ముక్కలుంటే ఒక్కొక్కటీ పెట్టి చూడటమే. పనికిరానిదాన్ని వరస రెండో చివరికి జరపండి, లేకపోతే దాన్నే మూడుసార్లు పెట్టి చూస్తారు. ముక్కకి మూడు సెకన్లు వేసుకున్నా రెండు నిమిషాల్లో ఖాళీ నిండుతుంది.

ఇంకో కిటుకు. 70 × 50 బొమ్మని 40 × 25గా కోస్తే ఒక్కో గడి 17.5 × 20 మిల్లీమీటర్లు. అంటే ముక్క నిలువుగా కొంచెం పొడవు. బొడిపెలు వదిలేసి మూల నుంచి మూలకి స్కేలుతో కొలిస్తే ఏ పక్క నిలువో తెలుస్తుంది, పెట్టి చూసే తీర్లు నాలుగు నుంచి రెండుకి తగ్గుతాయి. 38 × 27 కోతలో గడి దాదాపు చదరం, అక్కడ ఈ ఉపాయం పారదు. వంకర టింకర కోత పజిల్‌కి ఇవేవీ పనికిరావు గానీ, అందులో ఏ ముక్కకా ముక్కే వింత ఆకారం గనక అసలు ఈ బాధే తక్కువ.

ఆకాశానికి కంఠతా వచ్చిన సినిమా పెట్టండి, పదిసార్లు చూసింది. కళ్ళకి ఒక్క క్షణం తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. పాత్ర కంటే ముందే డైలాగు మీ నోట్లోంచి వచ్చే సినిమా అయితే మరీ మంచిది.

అంతా అయ్యాక ఒక ముక్క తక్కువైతే కుర్చీ మెత్తల సందులు, చొక్కా చేతుల మడతలు, చీపురు తుడిచిన మూల చూడండి. దొరక్కపోతే కొత్తది చేసుకోవచ్చు. ఖాళీ కింద తెల్ల కాగితం పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుట్టూ గీసి, ఆ గీతని పజిల్ మందమే ఉన్న అట్ట మీద అంటించి, పదునైన కట్టర్‌తో కోయాలి. తర్వాత రంగు పెన్సిళ్ళు. మూత మీది బొమ్మ నుంచి కత్తిరిద్దామని మాత్రం చూడకండి, అది పజిల్ కంటే చిన్నది, గీతలు కలవవు.

గోడకి తగిలించాలనుకుంటే కింద నూనె కాగితం పరిచి, తెల్ల జిగురుని పాత ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి అంచులకి పల్చగా లాగండి. మందంగా పూస్తే అట్ట తడి పీల్చి పైకి ఉబ్బుతుంది. ఒక పక్కే పూసినా ఆరేటప్పుడు అటువైపు వంగుతుంది, అందుకే పూర్తిగా ఆరాక తిరగేసి వెనక కూడా ఒక పూత. మళ్ళీ కట్టుకుందామనుకుంటే జిగురు జోలికి పోకుండా ముక్కల్ని జిప్ కవర్లో వేసి డబ్బాలో పెట్టండి. ఎన్ని ముక్కలు తక్కువో మూత లోపల రాయండి, ఆకాశం దగ్గర ఏ సినిమా పెట్టారో కూడా. వచ్చేసారి అదే పెట్టుకోవడానికో, పెట్టకుండా ఉండటానికో పనికొస్తుంది.